వాటా సరే, తూకం ఎవరిది?

అందరికీ నమస్కారం. పెట్టుబడిదారీ విధానం మేలా, సోషలిజం మేలా అన్న వాదన మొదలైతే చాలు, కాసేపటికే అది దురాశపరులు, సోమరులు అనే తిట్ల దగ్గర తేలుతుంది. ఎవరికెంత దక్కాలో చెప్పే సూత్రం రెండు పక్షాలకూ ఉంది. దాన్ని దేనితో తూచాలన్న దగ్గరే ఇద్దరికీ చిక్కు. ఈరోజు ఆ చిక్కు గురించే మాట్లాడతాను.

మార్క్స్ ఈ సంగతి దాచలేదు. 1875లో జర్మన్ కార్మిక పార్టీ ముసాయిదా ప్రణాళిక అయిన గోథా కార్యక్రమాన్ని విమర్శిస్తూ, కొత్త సమాజపు తొలి దశలో చేసిన పనిని బట్టే వాటా ఉంటుందన్నాడు. ఇద్దరు సమానంగా పనిచేసి సమానంగా తీసుకున్నా, ఒకరికి పిల్లలుండి మరొకరికి లేకపోతే తలకు దక్కేది ఒకటి కాదని కూడా ఆయనే చెప్పాడు. ‘అవసరాన్ని బట్టి’ అన్నది తర్వాతి దశకు వదిలేశాడు. 1936 నాటి సోవియట్ రాజ్యాంగం 12వ అధికరణం కూడా ‘పనిని బట్టి’ దగ్గరే ఆగింది.

మరి పనిని కొలిచేదెలా? ధరను మార్కెట్ తేల్చనప్పుడు ప్రణాళికే కొలబద్ద. ఇనుప రేకుల లక్ష్యం టన్నుల్లో ఇస్తే ఫ్యాక్టరీ మందపాటి రేకులు తీస్తుంది, చదరపు మీటర్లలో ఇస్తే పలచటివి తీస్తుంది. షాండ్లియర్లను బరువుతో లెక్కగడితే అవి అంతకంతకూ బరువెక్కుతున్నాయని సోవియట్ అధినేత క్రుశ్చేవే విసుక్కున్నాడు.

ఇది నవ్వుకునే జబ్బు. అసలు జబ్బు వేరే ఉంది. ఒక ఫ్యాక్టరీకి 120 యూనిట్లు తీసే సత్తా ఉంది, లక్ష్యం 100 అనుకోండి. 99 దగ్గర ఆగితే బోనస్ పోతుంది. 120 తీస్తే ఈ ఏడు బోనస్ వస్తుంది గానీ, వచ్చే ఏడు లక్ష్యమే 120 అవుతుంది. తెలివైన మేనేజరు 102 తీసి ఊరుకుంటాడు, సత్తాను దాచుకుంటాడు. ముడిసరుకు మాత్రం అవసరానికి మించి అడుగుతాడు. ఇలా కింది నుంచి అబద్ధపు అంకెలు వెళ్తే, పైన ఎంత నిజాయితీపరుడు కూర్చున్నా న్యాయంగా పంచలేడు. 1965లో సోవియట్ ప్రధాని కొసీగిన్ సంస్కరణలు కొలతను అమ్మకాలు, లాభాల వైపు మార్చాయి. కానీ ధరలు పైనుంచే వచ్చేవి కాబట్టి ఆ లాభానికి పెద్దగా అర్థం లేకపోయింది.

1962 జూన్ 1న సోవియట్ సర్కారు మాంసం ధర సగటున 30 శాతం, వెన్న ధర 25 శాతం పెంచింది. రష్యాలోని నోవోచెర్కాస్క్ పట్టణంలో సమ్మెకు దిగిన కార్మికులపై కాల్పులు జరిగాయి. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆ ధరల జోలికెళ్లడానికి సర్కారు జంకింది. దుకాణంలో ధర కదల్లేదు, క్యూ పెరిగింది. మిగతాది జనం గంటల లెక్కన చెల్లించారు.

కరువును ధరలో చూపించే పని మార్కెట్ బాగా చేస్తుంది. ఏదైనా లోహం కరువైతే ధర పెరుగుతుంది, కారణం తెలియకపోయినా వాడేవాళ్లు పొదుపు చేస్తారు. 1945లో ఆర్థికవేత్త హయెక్ చెప్పింది ఇదే, నా లెక్కలో ఇది తిరుగులేని వాదన. కానీ ధరకు వినబడేది జేబులో డబ్బున్నవాడి అవసరమే. పైగా ఒకే యంత్రం మీద ఒకే పని చేసేవాళ్లకు ఒకచోట 130, మరొకచోట 80 జీతం వస్తుంటే, ఆ తేడా వాళ్ల పనితనంలో లేదు, కంపెనీ లాభంలో ఉంది.

స్వీడన్ కార్మిక సంఘాల సమాఖ్య ముందు 1951లో దాని ఆర్థికవేత్తలు రేన్, మైడ్నర్ పెట్టిన పథకం దీనికి జవాబు. సమాన పనికి అంతటా ఒకటే జీతం, 100 అనుకుందాం. ఇవ్వలేని కంపెనీ మూతపడనివ్వాలి, పని పోయినవాళ్లకు సర్కారు ఖర్చుతో శిక్షణ ఇచ్చి వేరేచోటికి పంపాలి. అయితే 130 ఇవ్వగల కంపెనీలో మిగిలిన ఆ 30 యజమానికే చేరింది. తమ జీతం పెరగకుండా ఆపుకున్నది కార్మికులు, లాభపడింది వాటాదారులు.

అందుకే 1976లో మైడ్నర్ బృందం, లాభంలో కొంత కొత్త షేర్లుగా కార్మిక నిధులకు ఇవ్వాలంది. పలచబడిన రూపంలో అది 1984లో అమలైంది. 1991 ఎన్నికల తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ నిధుల్ని ఎత్తేసి, పోగైన డబ్బులో కొంతతో పరిశోధనలకు సాయం చేసే సంస్థలు పెట్టింది.