కదిలే కారుకు కదలని చిరునామా: కనెక్టెడ్ వాహనాల నెట్‌వర్క్ భద్రత

[తెరపై: రహదారి పక్క స్తంభాలపై రేడియో యూనిట్లు, వాటిని దాటిపోతున్న కారు]

గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 25 మీటర్లు ముందుకు సాగుతుంది. ఒక రేడియో యూనిట్ రోడ్డు పొడవునా 500 మీటర్ల మేర అందుతుందనుకుంటే, కారు దాని పరిధిలో ఉండేది 20 సెకన్లే. తర్వాతి యూనిట్ వేరే సబ్‌నెట్‌లో (నెట్‌వర్క్‌లోని వేరే భాగంలో) ఉంటే కారు ఐపీ చిరునామా మారుతుంది, పాత చిరునామాపై నడుస్తున్న సెషన్లు తెగిపోతాయి.

ఈ చిక్కును తప్పించడానికి ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే సంస్థ ఐఈటీఎఫ్ 2005లో వెలువరించిన నీమో (కదిలే నెట్‌వర్క్‌ల) ప్రమాణం, అంటే ఆర్‌ఎఫ్‌సీ 3963 అనే పత్రం, కారులో ఒక మొబైల్ రౌటర్ ఉంటుందని భావిస్తుంది. లోపలి ఫోన్లు, సెన్సర్ల చిరునామాలు ఎప్పటిలాగే ఉంటాయి. రౌటర్ మాత్రం తనకు దొరికిన కొత్త చిరునామాను ‘బైండింగ్ అప్‌డేట్’ సందేశంతో హోమ్ ఏజెంట్‌కు, అంటే కారు స్థిర చిరునామా ఉన్న సొంత నెట్‌వర్క్‌లోని రౌటర్‌కు, తెలియజేస్తుంది. ఆపై కారుకు వచ్చే ప్యాకెట్లను హోమ్ ఏజెంట్ టన్నెల్ ద్వారా, అంటే మరో ప్యాకెట్‌లో చుట్టి, ఆ కొత్త చిరునామాకే పంపుతుంది.

[తెరపై: బైండింగ్ అప్‌డేట్ సందేశం, కొత్త చిరునామా గడిలో దాడి చేసేవారి చిరునామా]

ఈ సందేశాన్ని ఎవరైనా నకిలీగా సృష్టించగలిగితే కారుకు చేరవలసిన ట్రాఫిక్ అంతా వారి చేతికి చిక్కుతుంది. అందుకే ఈ సందేశాలను, ఐపీ ప్యాకెట్లకు భద్రత కల్పించే ఐపీసెక్‌తో ధ్రువీకరించడాన్ని ప్రమాణం తప్పనిసరి చేసింది.

ఇక నెట్‌వర్క్‌లోకి ప్రవేశం సంగతి. చేరే పరికరం ఎవరిదో తేల్చే ఈఏపీ పద్ధతిలో పూర్తి ధ్రువీకరణకు దూరాన ఉన్న సొంత నెట్‌వర్క్ సర్వర్‌తో పలుమార్లు సందేశాలు ఇచ్చిపుచ్చుకోవాలి, 20 సెకన్లకోసారి ఈ తంతంతా జరపడం దండగ. ఆర్‌ఎఫ్‌సీ 6696లోని ఈఆర్‌పీ అనే పునఃధ్రువీకరణ పద్ధతి, తొలి ధ్రువీకరణలో పుట్టిన రహస్య కీల ఆధారంగా, దగ్గరి సర్వర్‌తో ఒక్క రాకపోకలోనే పని ముగించే వీలు కల్పిస్తుంది. వాహనాల మధ్య నేరుగా సాగే 802.11 ఓసీబీ (ముందుగా ఏ నెట్‌వర్క్‌లోనూ చేరకుండానే వాడే వై-ఫై) విధానంలోనైతే లింక్ స్థాయిలో ధ్రువీకరణే లేదు. అక్కడ నమ్మకమంతా సందేశాలపై ఉండే డిజిటల్ సంతకాలదే.

[తెరపై: ఒకే కారు, మారుతున్న మారుపేర్లు, మారని ఐపీ ప్రిఫిక్స్ (చిరునామా ముందు భాగం)]

అన్నిటికన్నా కష్టమైనది గోప్యత అని నా అభిప్రాయం. కారును ఎవరూ వెంటాడకుండా సంతకాల సర్టిఫికెట్లను మారుపేర్లతో తరచూ మారుస్తారు. అయితే మొబిలిటీకి కావలసింది స్థిరమైన చిరునామా. టన్నెల్‌లోని డేటాను ఎన్‌క్రిప్ట్ చేయడం ఐచ్ఛికం కావడంతో, అది చేయని చోట లోపలి హెడర్‌లోని స్థిర ప్రిఫిక్స్ రేడియో వినేవారికి కనబడవచ్చు, మారుపేర్ల శ్రమంతా అక్కడే వృథా. కాబట్టి టన్నెల్‌ను ఎన్‌క్రిప్ట్ చేయడంతోపాటు మాక్ చిరునామా (రేడియో పరికరం చిరునామా), బయటి ఐపీ చిరునామా, సర్టిఫికెట్ మూడింటినీ ఒకే క్షణంలో మార్చాలి.