ముందు సేఫ్టీ వైరా, సిమ్యులేటరా?

వ్యాఖ్యాత: నమస్కారం. శంషాబాద్‌ హ్యాంగర్లలో కొత్తగా చేరే మెకానిక్‌లను మొదట సిమ్యులేటర్ ముందు కూర్చోబెట్టాలా, విమానం దగ్గర నిలబెట్టాలా అన్న విషయంపై ఈ పూట ఒక లైసెన్స్‌డ్ ఇంజనీర్‌తో మాట్లాడుతున్నాం. మీరు ఏమంటారండీ?

ఇంజనీర్: నేనైతే ముందు సేఫ్టీ వైరే, అంటే బోల్టు వదులు కాకుండా కట్టే తీగే, చేతికిస్తానండి. బోల్టు తలలోని రంధ్రంలోంచి తీగను దూర్చి, అది బోల్టును బిగించే దిశలోనే లాగేటట్టు, అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది మెలికలు పడేలా పేనాలి. మెలికలు ఎక్కువైతే తీగ బిరుసెక్కి తెగుతుంది. తెర మీద ఈ పని మౌస్‌తో ముగుస్తుంది గానీ, తీగ తెగబోయే ముందు ప్లయర్స్ పట్టిన వేళ్లకు తెలిసే బిగువు అక్కడ దొరకదు.

వ్యాఖ్యాత: అయితే సిమ్యులేటర్‌కు పెట్టే డబ్బు దండగేనా?

ఇంజనీర్: ఎంతమాత్రం కాదు. స్టార్ట్ చేసేటప్పుడు ఇంజిన్ ఉష్ణోగ్రత హద్దు దాటితే ఇంధనం ఎప్పుడు ఆపాలో నేర్పడానికి నిజమైన ఇంజిన్‌ను ఎవరు పణంగా పెడతారు? పైగా ఒక వాల్వు పనిచేయడం లేదని సందేశం వచ్చినప్పుడు, చెడింది వాల్వా, సెన్సరా, వాటి మధ్యనున్న వైరా అని మాన్యువల్ ప్రకారం వెతికే అలవాటు సిమ్యులేటర్‌లో త్వరగా పట్టుబడుతుంది. నిజమైన విమానంలో ఆ లోపం వచ్చేదాకా కుర్రవాడు కాచుకుని ఉండాలి; వచ్చినా, బయలుదేరే వేళ దగ్గరపడుతుంటే దాన్ని అతనికి ఎవరూ అప్పగించరు.

వ్యాఖ్యాత: మరి చేతి అనుభవాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

ఇంజనీర్: 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానంలో కెప్టెన్ ముందున్న అద్దం ఊడిపోయి, ఆయన సగం బయటికి వెళ్లిపోయారు. సిబ్బంది ఆయనను గట్టిగా పట్టుకుని ఉండగా కో-పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించారు. కెప్టెన్ ప్రాణాలతో బయటపడ్డారు. అంతకుముందే ఆ అద్దానికి బిగించిన 90 బోల్టుల్లో 84 ఉండాల్సినదానికన్నా సన్నవి, మిగిలిన 6 పొట్టివి. వాటిని బిగించినది కొత్తవాడు కాదు, అనుభవమున్న షిఫ్ట్ మేనేజర్. విడిభాగాల కేటలాగ్ చూడకుండా కొత్త బోల్టును పాత బోల్టు పక్కన పెట్టి కంటితో పోల్చుకున్నాడు. మందంలో తేడా 0.026 అంగుళం మాత్రమే.

వ్యాఖ్యాత: ఈ సంగతి మీ కుర్రవాళ్లకు ఎలా చెబుతారు?

ఇంజనీర్: కథగా తర్వాత చెబుతాను. ముందు అంతే తేడా ఉన్న రెండు బోల్టులు బల్ల మీద పెట్టి, ఏది సన్నదో చెప్పమంటాను. వాళ్లు చెప్పాక మందం కొలిచే వెర్నియర్ చేతికిస్తాను. సిమ్యులేటర్ గది తాళం తీసేది ఆ తర్వాతే.