సాన మీద బయటపడ్డ రంగు

అందరికీ నమస్కారం.

ఒక నీలమణి గురించి చెప్పి మొదలుపెడతాను. కొన్నేళ్ల కిందట ఒకావిడ తన ఉంగరంలోని రాయి తీయించి నా దగ్గరికి తెచ్చారు. అంచున చిన్న పెచ్చు లేచింది, కాస్త సానపట్టి సరిచేయమన్నారు. ముదురు నీలం, చూడముచ్చటైన రాయి. కడ్డీకి అతికించి అడుగువైపు రెండు ముఖాలు మళ్లీ కోశాను. తుడిచి చూస్తే ఆ రెండు ముఖాల దగ్గర రంగు లేదు. నీళ్లలా ఉంది. మిగతా రాయంతా నీలమే. దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

అది డిఫ్యూజన్ చేసిన రాయి. రంగు లేని నీలమణిని టైటానియం కలిపిన పొడిలో పెట్టి చాలా ఎక్కువ వేడిలో ఉంచుతారు. రంగు పైపొరలోకి మాత్రమే దిగుతుంది, మిల్లీమీటరులో ఏ కొంతో. ఆవిడకు అమ్మినవాళ్లు ఆ మాట చెప్పలేదు. రంగు పైపొరలోనే ఉందా అన్నది నీళ్లలో ముంచితే తెలిసేది, కోసేముందు నేనూ అలా చూడలేదు. కోత నేర్చుకుంటున్నవాళ్లు, అమ్మకంలోకి దిగుతున్నవాళ్లు ఇంతమంది ఇక్కడ ఉన్నారు కాబట్టి ఆ రెండు తప్పుల గురించే మాట్లాడతాను.

ముందు కోత సంగతి. రాయికి రంగు ఉండటం వేరు, ఆ రంగు కంటికి చేరడం వేరు. నీలమణి అడుగు ముఖాలను దాదాపు 34 డిగ్రీల వాలు కన్నా చదునుగా కోస్తే వెలుతురు వెనక్కి రాదు, కిందికి కారిపోతుంది. స్ఫటికానికి, అంటే క్వార్ట్జ్‌కి, ఆ హద్దు 40 డిగ్రీల పైనే. హద్దు తప్పితే రాయి మధ్యలో కిటికీ తెరిచినట్టు అవుతుంది. కింద కాగితం పెడితే అక్షరాలు కనిపిస్తాయి. నీలమణిని ఒక వైపు నుంచి చూస్తే చక్కటి నీలం, ఇంకో వైపు నుంచి చూస్తే ఆకుపచ్చ కలిసిన నీలం. టేబుల్, అంటే పైనుండే పెద్ద చదును ముఖం, ఎటు పెట్టాలో మొదటి కోతకు ముందే తేల్చుకోవాలి. రాయిలో రంగు ఒక మూలే ఉంటే ఆ మూలను అడుగు కొసకు తెచ్చుకోండి. పైనుంచి చూసేసరికి ఆ కాస్త రంగే రాయంతా పరుచుకుంటుంది. ఇందులో మోసం లేదు, ఇది మన విద్య.

బరువు ఆశ మాత్రం వదులుకోవాలి. ముడిరాయిలో మూడొంతులు పొడై పోవడం మామూలే. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు. ఆ లెక్క కోసం రాయికి పెద్ద పొట్ట మిగిల్చినవాళ్లు కొనేవాడికి అమ్మేది బరువునే కానీ వెలుతురును కాదు.

ఇక రంగు మార్చడం. దీన్ని పాపంలా చూసేవాళ్లతో నేను ఏకీభవించను. కెంపును, నీలమణిని వేడిచేయడం శతాబ్దాల నాటి పని. వేడికి లోపలి సన్నటి సూదులు కరిగి రాయి తేటపడుతుంది, రంగు తేరుతుంది, ఆ రంగు నిలుస్తుంది. 1967లో టాంజానియాలో బయటపడ్డ టాంజనైట్ చాలావరకు గోధుమరంగులోనే దొరుకుతుంది. ఆ ఊదా నీలం కొలిమి ఇచ్చిందే. మార్కెట్లో ఉన్న పసుపు రంగు సిట్రిన్‌లో ఎక్కువ భాగం వేడిచేసిన ఊదా రంగు అమెథిస్టే. నీలి టోపాజ్ అయితే దాదాపు అంతా రంగులేని రాయికి రేడియేషన్ ఇచ్చి, వేడిచేసి తెచ్చినదే. చెప్పి అమ్మితే వీటిలో ఏదీ తప్పు కాదు.

నిలవని రంగు, తెలియకపోతే రాయినే పాడుచేసే చికిత్స, ఈ రెండే నాకు టెన్షన్. రేడియేషన్‌తో ముదురు నీలం చేసిన ఒక రకం బెరిల్ (పచ్చ జాతి రాయి) ఉంది, అది ఎండలో వెలిసిపోతుంది. పైన పూత పూసిన టోపాజ్ గీత పడితే పోయినట్టే. పచ్చల పగుళ్లలో నూనె గానీ రెసిన్ గానీ ఉంటుంది, అందుకే అల్ట్రాసోనిక్‌లో (ధ్వని తరంగాలతో శుభ్రం చేసే యంత్రంలో) వేయకూడదు, వేడి లక్కతో అతికించకూడదు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది సీసపు గాజు నింపిన కెంపు. 2004 ప్రాంతం నుంచి అవి వెల్లువలా వచ్చాయి. పగుళ్లతో నిండిన నాసిరకం ముడిని గాజుతో పూడ్చి మెరిపిస్తారు. పదింతల భూతద్దం కింద తిప్పి చూడండి, లోపల గాలి బుడగలు, నీలి మెరుపులు కనిపిస్తాయి. నిమ్మరసం పడినా ఆ గాజు తినుకుపోతుంది. ఉంగరం సైజు మార్చడానికి మంట చూపించారా, రాయి పాడైపోతుంది. ఆ పని చేసిన స్వర్ణకారుడి మీద నింద పడుతుంది, అమ్మినవాడు మాత్రం కనిపించడు.

కొన్ని మన కంటికి అందవు. టైటానియం బదులు బెరీలియంతో చేసే డిఫ్యూజన్ 2002 నాటికి బయటపడింది. అది రాయి లోతులకంటా దిగుతుంది కాబట్టి నీళ్లలో ముంచినా చాలాసార్లు తెలియదు. ల్యాబ్‌కే పంపాలి. ల్యాబ్ కాగితంలో ‘వేడిచేసిన ఆనవాళ్లు కనిపించలేదు’ అని ఉంటే దాన్ని అలాగే చదివి వినిపించండి. ‘వేడిచేయలేదు’ అని మార్చి చెప్పకండి. ఆ రెండు మాటలూ ఒకటి కావు.

చెబితే ధర తగ్గుతుందని అంటారు. తగ్గుతుంది. తగ్గాల్సిందే. గాజు నింపిన కెంపుకు మంచి కెంపు ధర ఎందుకు పలకాలి? బిల్లు మీద రాయి పేరు, దానికి చేసిన చికిత్స, ఎలా కాపాడుకోవాలో ఒక వాక్యం రాయండి. మీకే తెలియకపోతే ‘పరీక్ష చేయించలేదు’ అని రాయండి. ఆ మాట రాయడానికి చెయ్యి ఆడనప్పుడు ఆ రాయి పరీక్షకు వెళ్లాల్సిందే.

ఆవిడకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే ఇది గాజా?” అని అడిగారు. “కాదమ్మా, నీలమణే. రంగు ఒక్కటే తర్వాత వేసింది” అన్నాను. ఆవిడ ఇక దాన్ని ఉంగరంలో పెట్టించుకోలేదు. కోసి పాడుచేసింది నేనే కాబట్టి డబ్బిచ్చి తీసుకున్నాను. ఆ రాయి ఇదిగో, ఈ గాజు గిన్నెలో నీళ్లలో ఉంది. అడుగున దీపం వేస్తాను. అంచుల వెంట రంగు గీతల్లా పేరుకుని ఉంటుంది, నేను కోసిన చోట ఖాళీగా ఉంటుంది. ఒక్కొక్కరే వచ్చి చూడండి, తొందరలేదు.