ఎవరి ముందు చెంపలు వేసుకోవాలి?

శ్రోతలకు నమస్కారం.

మన విశాఖపట్నం ఒకప్పటి కళింగ సీమలోది. క్రీ.పూ. 261 ప్రాంతంలో అశోకుడు కళింగం మీద దండెత్తాడు. లక్ష మంది హతులయ్యారని, లక్షా యాభై వేల మందిని చెరపట్టి తరలించారని, అందుకు తాను కుమిలిపోతున్నానని ఆయనే పదమూడవ శిలాశాసనంలో చెప్పుకున్నాడు. ఆ శాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది, గుజరాత్‌లోని గిర్నార్‌లో ఉంది. కళింగంలోని ధౌలి, జౌగడ బండల మీద మాత్రం లేదు. ప్రజలంతా నా బిడ్డలే, అధికారులు ఎవరినీ అకారణంగా బంధించరాదు అనే శాసనాలు అక్కడ చెక్కించాడు. మంచి మాటలే! కానీ దెబ్బతిన్న గడ్డ మీది రాళ్లకు ఆ పశ్చాత్తాపం ఎక్కలేదు.

మనమూ చాలాసార్లు ఇలాగే చేస్తాం. ఎంవీపీ కాలనీలో ఒక అపార్టుమెంటు అనుకుందాం. ఉంగరం కనబడలేదు, ఇంట్లో పనిచేసే ఆవిడ మీద నింద పడింది. మర్నాటికల్లా మిగతా ఫ్లాట్లవాళ్లూ ఆవిడను మాన్పించారు. కొన్నాళ్లకు ఉంగరం బీరువా వెనుక దొరికింది. ఇంటామె మనసు చివుక్కుమంది. సింహాద్రి అప్పన్న హుండీలో ముడుపు వేసింది, ఆషాఢంలో ముప్ఫై రెండు కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ చేసింది. ఆ భక్తిని నేను తప్పుపట్టను. అయితే ఆ నింద మోస్తున్న మనిషి గడప ఆమె ఇంకా తొక్కలేదు.

భీమిలి దారిలో తొట్లకొండ చూసే ఉంటారు. రెండు వేల ఏళ్ల కిందట అక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవారు. వానాకాలంలో భిక్షువులు తిరగకుండా ఒకేచోట ఉండే వర్షావాసం ముగిసిన రోజున ప్రతి భిక్షువూ సంఘం ముందు కూర్చుని, నా వల్ల జరిగిన తప్పు మీరు చూసినా, విన్నా, అనుమానించినా చెప్పండి, దిద్దుకుంటాను అని అడగాలని బౌద్ధ సంఘ నియమం. దాని పేరు ప్రవారణ. నాకు ఇందులో బాగా నచ్చినది, తప్పు ఎంతటిదో తేల్చే పని ఎదుటివారికి అప్పగించడం.

ఆ ఇంటామె కూడా ముందు వెళ్లి ఆవిడను అడగాలి, నా మాట వల్ల నీకు ఏమేం పోయాయమ్మా అని. తర్వాత ఏ ఫ్లాట్లలో నింద పాకిందో ఆ తలుపులన్నీ తట్టి, తప్పు నాదే, ఉంగరం మా ఇంట్లోనే దొరికింది అని చెప్పాలి. నోరు పెగలదు, నిజమే. అయినా చెప్పాలి. పని పోయిన నెలల జీతం లెక్కకట్టి ఇవ్వాలి. కొత్త చీర పెట్టి సరిపెట్టడం కుదరదు. ఇంత చేసినా ఆవిడ క్షమించకపోవచ్చు, మళ్లీ ఆ ఇంట్లో పనికి రాకపోవచ్చు. అది ఆవిడ ఇష్టం. జీతం బాకీ మాత్రం అప్పుడూ తీర్చవలసిందే.

నమస్కారం.