‘ఇటు చూడు నాయనా’ అనకుండా

అందరికీ నమస్కారం. మీలో కొందరు పెళ్ళిళ్ళు తీసే ఫోటోగ్రాఫర్లు, కొందరు ఫోన్లు పట్టుకొచ్చిన అమ్మానాన్నలు. ఆడుకునే పిల్లల్ని ఫోటో తీయబోతే అందరి గొడవా ఒకటే: “మావాడు ఒక్క క్షణం నిలబడడు సార్.”

నిలబెట్టకండి. “ఇటు చూడు నాయనా, నవ్వు” అనగానే పిల్లాడు చేతులు రెండూ బిగపెట్టి పళ్ళికిలిస్తాడు. అది ఆధార్ కార్డుకు పనికొస్తుంది.

చిన్న లెక్క చూద్దాం. ఐదేళ్ల పిల్లాడు సెకనుకు 3 మీటర్లు పరిగెత్తుతున్నాడనుకోండి. ట్యూబ్‌లైటు వెలుతురులో మీ ఫోన్ షట్టర్‌ను 1/30 సెకను తెరిచి ఉంచితే, అంతలో వాడు 10 సెంటీమీటర్లు దాటేశాడు. నైట్ మోడ్ అయితే చెప్పక్కర్లేదు. అదే 1/1000 అయితే 3 మిల్లీమీటర్లే. అందుకే ముందు షట్టర్ స్పీడ్ పెట్టుకోండి, ఐఎస్‌ఓను, అంటే వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకెను, ఆటోకు వదిలేయండి. ఫోటోలో సన్న చుక్కల్లా గ్రెయిన్ వస్తుందని టెన్షన్ వద్దు, తర్వాత తగ్గించుకోవచ్చు. చెదిరిపోయిన మొహాన్ని మాత్రం సరిచేయడం కష్టం. ఫోన్ వాళ్లు పిల్లల్ని ఆరుబయటికి తీసుకెళ్లండి, సగం చిక్కు అక్కడే తీరిపోతుంది. కెమెరా ఫోకస్ కంటిన్యువస్‌లో ఉండాలి, అంటే కదిలే పిల్లాణ్ణి వెంటాడుతూ ఉండాలి: కెనాన్‌లో సర్వో, నికాన్, సోనీల్లో ఏఎఫ్-సి.

ఉయ్యాల కిందికి వచ్చినప్పుడు వేగం ఎక్కువ. రెండు చివర్లా ఒక్క లిప్త ఆగుతుంది. అక్కడ నొక్కితే 1/250 కూడా సరిపోతుంది. ఎగిరి దూకే పిల్లలకూ ఇదే కిటుకు.

ఇక మన తిరుపతి చిక్కు ఒకటుంది, గుండు! కల్యాణకట్ట నుంచి బయటికొచ్చిన బుడ్డోడు, తలంతా గంధం, నెత్తిన మిట్టమధ్యాహ్నం ఎండ. ఫోటోలో ఆ గుండు తెల్లటి మచ్చలా తేలిపోతుంది. ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫోటో వెలుగును, మైనస్ 0.7 దాకా తగ్గించండి. చాలా ఫోన్లలో గుండు మీద వేలు పెట్టి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కిందికి జరిపితే చాలు. మొహం కాస్త నల్లబడినా ఎడిటింగ్‌లో లేపొచ్చు, తెల్లగా కాలిపోయిన చోట లేపడానికి ఏమీ మిగలదు. చెట్టు నీడ దొరికితే అసలు ఈ బాధే లేదు. ఇంకో సంగతి, కొత్తగా గుండైన పిల్లలు ఆడుతూ ఆడుతూ తల తడుముకుంటారు. మెడ మీద అంటుకున్న వెంట్రుకలు గోక్కుంటారు, చేతికంటిన గంధం వాసన చూస్తారు. నాకైతే కెమెరా వైపు నవ్విన ఫోటో కన్నా అదే కావాలి. చెయ్యి పైకి లేవడం మొదలవగానే వరసగా ఫోటోలు తీసే బర్స్ట్ నొక్కి పట్టండి.

మే నెలలో గంగజాతరకు వేషాలేసుకుని పరిగెత్తే పిల్లల్ని తీసేటప్పుడు ఒక్కసారి 1/30 పెట్టి, వాళ్లతోపాటే కెమెరాను తిప్పి చూడండి. జనం గీతల్లా సాగిపోతారు, వేషం నిలుస్తుంది. చాలా వరకు పాడవుతాయి, పర్వాలేదు. ఊరివాళ్ల పిల్లలైతే ముందు పెద్దవాళ్లనడిగి తీయండి.

ఇప్పుడు బయటికెళ్దాం. పిల్లల కంటి ఎత్తుకు వంగాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి, ప్యాంట్లు మాస్తాయి. తెల్లవి వేసుకొచ్చిన అన్నలు వెనక వరసలో ఉండండి.