పెట్టెకి తాళం ఎందుకు వేస్తాం? హాబ్స్ ‘లెవయతన్’ రివ్యూ

నమస్తే అండీ. ఈరోజు ఇంగ్లండ్ తత్వవేత్త థామస్ హాబ్స్ రాజ్యం, అధికారం గురించి రాసిన ‘లెవయతన్’ గురించి మాట్లాడుకుందాం. 1651లో వచ్చింది. పెద్ద పుస్తకం, చదవడం కష్టమే. కానీ 13వ అధ్యాయం చిన్నది, అది మాత్రం తప్పకుండా చదవండి.

అందరినీ అదుపులో పెట్టే అధికారం లేకపోతే మనుషులు ఒకరినొకరు నమ్మలేక కొట్టుకుంటారని అక్కడ హాబ్స్ అంటాడు. దానికి తోడు ఆయన వేసే ప్రశ్న సూటిగా మనకే తగులుతుంది. ప్రయాణానికి ఆయుధం పట్టుకెళ్తాం, పడుకునే ముందు తలుపుకి తాళం వేస్తాం, ఇంట్లో ఉన్న పెట్టెకి కూడా వేస్తాం. చట్టం ఉందని, అధికారులు ఉన్నారని తెలిసీ వేస్తాం. మరి మన పొరుగువాళ్ల మీద, సొంత పిల్లల మీద మనకున్న అభిప్రాయం ఏంటి? ఆయన మాటల్లో అన్నదే మనం చేతల్లో చూపిస్తున్నాం కదా! మొదటిసారి చదివినప్పుడు నేను ఇక్కడ ఆగిపోయాను.

మనిషి పుట్టుకతోనే దుర్మార్గుడని హాబ్స్ అన్నాడని చాలామంది అంటారు. అది తప్పండీ. కోరికలు పాపం కాదని అదే అధ్యాయంలో రాశాడు. ఆయన పట్టుకున్నది భయాన్ని. ఎంత బలహీనుడైనా కుట్ర చేసో, నలుగురిని కూడగట్టో ఎంతటి బలవంతుణ్ణైనా చంపగలడు. కాబట్టి ఎవరికీ ధీమా లేదు. వాడు కొడతాడేమోనని వీడు ముందే చెయ్యెత్తుతాడు. ఇంగ్లండ్‌లో 1642లో అంతర్యుద్ధం మొదలైంది, 1649లో రాజు మొదటి చార్లెస్ తల నరికారు. ఆ రోజుల్లో పారిస్‌లో తలదాచుకుని ఆలోచించిన మనిషి ఈయన.

రోగం భయమని తేల్చాక మందు కూడా దానికి తగ్గట్టే ఉంది. అందరూ తలొగ్గే ఒకే అధికారం ఉండాలి, దాన్ని పంచకూడదు.

నా అభ్యంతరం ఇక్కడే. ఆ అధికారం చేతికొచ్చేది ఎవరికి? మనలాంటి మనిషికే కదా! మన భయాలు, మన ఆశలు ఆయనకీ ఉంటాయి. 1689లో ఇంకో ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ లాక్ నిరంకుశ రాజుల గురించి దాదాపు ఇదే అడిగాడు: నక్కల నుంచి జాగ్రత్తపడే మనుషులు సింహం మింగేస్తే క్షేమం అనుకుంటారా అని. ఫ్రెంచ్‌లో రాసిన తత్వవేత్త రూసో 1755లో ఇంకో వైపు నుంచి వచ్చాడు. పోటీ, గర్వం సమాజంలో నేర్చుకున్నవని, జాలి వాటికంటే ముందు నుంచీ ఉందని అన్నాడు. జాలి సంగతి నేను నమ్ముతాను. కానీ జాలిని నమ్ముకుని రాజ్యం ఎలా నడపాలో నాకు అంతుపట్టలేదు.

నాకు ఎక్కువ నచ్చింది 1788లో అమెరికా రాజ్యాంగ రూపకర్తల్లో ఒకడైన జేమ్స్ మాడిసన్ చెప్పిన మాట. మనుషులు దేవదూతలైతే ప్రభుత్వమే అక్కర్లేదు, దేవదూతలే పాలిస్తే వాళ్ల మీద అదుపు అక్కర్లేదు అన్నాడు. హాబ్స్‌కి ప్రజల మీదున్న అనుమానాన్ని ఈయన పాలకుడి మీదకి కూడా తిప్పాడు. అందుకే అధికారాన్ని ముక్కలు చేసి, ఒకదానికి ఒకటి అడ్డం పెట్టమన్నాడు.

13 అయ్యాక సరాసరి 21వ అధ్యాయానికి వెళ్లండి. ‘నిన్ను నువ్వు చంపుకో’ అని పాలకుడు ఆజ్ఞాపిస్తే పాటించాల్సిన పని లేదని అక్కడ హాబ్సే రాశాడు. అంత తిరుగులేని అధికారాన్ని కట్టినవాడు ప్రాణం దగ్గరికొచ్చేసరికి ఒక తలుపు తెరిచిపెట్టాడు. ఆ పేజీ దగ్గరే నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.