స్టార్టప్ కాళ్ల మీద నిలబడేదాకా ఇల్లు గడిచేదెలా? నెలకు పది రోజుల పని వెతుక్కునే పద్ధతి

నమస్కారం అండీ. ఉద్యోగం మానేసి స్టార్టప్ మొదలుపెట్టారు. దాచుకున్న డబ్బు నెలనెలా కరిగిపోతోంది. ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అడగరు గానీ, ఒకటో తారీఖు వస్తే అందరూ మన ముఖం వైపే చూస్తారు. ఆ పరిస్థితిలో ఉన్నవాళ్ల కోసమే ఈ వీడియో. ప్రోడక్టు మూలన పడకుండా, చేతిలో నాలుగు డబ్బులు ఆడే పని ఎలా వెతుక్కోవాలో నేను చేసిన పద్ధతిలోనే చూపిస్తాను.

నేను గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నాను. ఏ రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఏ ఛాంబర్‌లో ఉన్నాయి, అద్దె ఎంతయింది, బాండు (సరుకు పెట్టినందుకు స్టోరేజీ వాళ్లిచ్చే రసీదు) మీద అప్పు ఎంత తీసుకున్నారు, ఇవన్నీ ఒకచోట కనపడాలి.

ముందు ఒక కాగితం తీసుకోండి. ఇంటద్దె, సరుకులు, మందులు, సర్వర్ బిల్లు అన్నీ రాయండి. నాకు 35,000 తేలింది. రోజుకు 4,000 చొప్పున తొమ్మిది రోజులు పనిచేస్తే 36,000, సరిపోయిందనుకున్నాను. సరిపోలేదు. కంపెనీలు ప్రొఫెషనల్ ఫీజు కింద ఇచ్చేటప్పుడు సాధారణంగా 10 శాతం టీడీఎస్, అంటే ఆదాయపు పన్ను కింద ముందే, పట్టుకుంటాయి. చేతికొచ్చేది 32,400. ఆ పట్టుకున్నది మన పాన్ మీద జమవుతుంది, రిటర్ను వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది. కానీ ఈ నెల అద్దె కట్టడానికి అది అక్కరకు రాదు కదా. అందుకే పది రోజులు: 40,000లో 36,000 చేతికి.

ఈ పది దాటనివ్వకండి. మొదటి ఏడాది నేను పద్దెనిమిది రోజులు ఒప్పుకున్నాను. ఫిబ్రవరి నుంచి మే దాకా గుంటూరు మిర్చి యార్డుకు మిర్చి పోటెత్తే రోజులు. సరిగ్గా అప్పుడే నా ప్రోడక్టు ముట్టుకోలేదు. ఆ సీజన్ పోయాక మళ్లీ ఏడాది ఆగాల్సి వచ్చింది. ఇప్పటికీ బాధేస్తుంది.

ఇక పని ఎక్కడ అడగాలి? ఫ్రీలాన్స్ సైట్లలో దొరుకుతుంది, కాదనను. కాకపోతే మన ప్రోడక్టుకు సంబంధం లేని పనే ఎక్కువ. రేపు మన ప్రోడక్టు ఎవరు కొనాలో, ఈరోజు వాళ్ల దగ్గరే పని అడగండి. వాళ్లు మనకు తెలియకపోతే? ఊళ్లో ఆడిటర్ గారిని కలవండి. ఏ వ్యాపారికి లెక్కలు చిక్కుపడ్డాయో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నాకు మొదటి పని బ్రాడీపేటలో ఒక ఆడిటర్ గారి ద్వారానే వచ్చింది. ఒక కోల్డ్ స్టోరేజీ గేటు రిజిస్టర్లను ఎక్సెల్‌లోకి ఎక్కించే పని.

చిన్న పనే. కానీ నాలుగో రోజు ఒకటి కనపడింది. టిక్కీలు ఒక ఛాంబర్ నుంచి ఇంకో ఛాంబర్‌కు మార్చినప్పుడు గుమస్తా ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకుంటున్నాడు. రిజిస్టర్లోకి సాయంత్రం ఎక్కేది, ఒక్కోరోజు ఎక్కేదే కాదు. రైతు వచ్చి బాండు చూపిస్తే సరుకు కోసం గంటలకొద్దీ వెతుకులాట. అప్పటిదాకా నేను చేసిన యాప్‌లో ఆ చీటీకి చోటే లేదు. ఇప్పుడు తెరవగానే మొదట కనపడేది అదే.

ఆడిటర్ గారికి నేను పంపిన మెసేజ్ స్క్రీన్ మీద చూడండి: "నమస్తే సార్. మీ క్లయింట్లలో ఎవరికైనా స్టాకు రిజిస్టర్లు కంప్యూటర్లోకి ఎక్కించాలన్నా, టాలీతో సరిచూడాలన్నా నేను చేసిపెడతాను. రోజుకు 4,000. నెలకు పది రోజులు ఖాళీ ఉంటాను. రేపు పది నిమిషాలు కలవచ్చా?" స్టార్టప్ ఊసు ఇందులో లేదు. పని, రేటు, రోజులు, అంతే.

పని ఖాయమయ్యాక ఒప్పందం వస్తుంది. ఇక్కడ నిదానంగా చదవండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే ఉద్యోగి రాసిన కోడ్ యజమానిది. బయటి మనిషిగా రాసిన కోడ్ మాత్రం, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప, రాసినవాడిదే. అందుకే ఆ బదిలీ వాక్యం ఒప్పందంలో పెడతారు. నేను ఒక కంపెనీతో చేసుకున్నదాంట్లో "ఈ కాలంలో చేసినదంతా" అని ఉంది. చూడకుండా సంతకం పెట్టాను. నా సొంత కోడ్ కూడా అందులోకి వస్తుందని వాళ్లన్నారు. తేల్చుకోవడానికి రెండు నెలలు పట్టింది. "ఈ ఇన్‌వాయిస్‌లో రాసిన పని వరకే" అని మార్పించుకోండి. మీ ప్రోడక్టు పేరు రాసి, అది మీదేనని ఇంకో వాక్యం చేర్పించండి.

ఇంకా ఉద్యోగంలోనే ఉన్నవాళ్లు బయటి పని ఒప్పుకునే ముందు ఆఫర్ లెటర్ తీసి చూడండి. అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు ఈ దారి పనికిరాదు. వీసా పెట్టిన కంపెనీకి తప్ప బయట డబ్బు తీసుకుని పనిచేస్తే వీసాకే ముప్పు.

చివరిగా, డబ్బు వసూలు. పని మొదలుపెట్టక ముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేసుకోండి. ప్రభుత్వ సైట్‌లో ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు. డబ్బు అడిగే సైట్లను నమ్మకండి. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, ఒప్పందంలో ఏం రాసుకున్నా మనకు డబ్బు ఇచ్చే గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే పని చేయించుకున్నవాళ్లు ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. దీనికోసం గొడవ పడక్కర్లేదు. ఇన్‌వాయిస్ పైన, మీ పేరు కిందే ఉద్యమ్ నంబరు వేసి పంపండి. నేను వేయడం మొదలుపెట్టాక అకౌంట్స్ వాళ్లే ఫోన్ చేసి బ్యాంకు వివరాలు అడుగుతున్నారు.